ముప్పై అంకణాల ఇంటికి సాయిల్ టెస్ట్ కావాలా, మేస్త్రీ మాట చాలదా?

రేణిగుంట_రోడ్డు:
తిరుపతిలో రేణిగుంట రోడ్డుకు లోపలివైపు ముప్పై అంకణాల (అంకణం అంటే మా వైపు 36 చదరపు అడుగులు) స్థలం కొన్నాం. ఒకప్పుడు మడి. లేఔట్ వేసినప్పుడు రోడ్డు ఎత్తుకు మట్టి తోలారు. కింద పార్కింగ్, పైన రెండంతస్తులు అనుకుంటున్నాం. మేస్త్రీ ఏమో "ఆరడుగులు తీస్తే గట్టినేల తగలతాది, పరీక్షలెందుకు" అంటున్నాడు. మా అల్లుడు సాయిల్ టెస్ట్ లేకుండా ముగ్గు కూడా పోయొద్దంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. టెస్ట్‌కు అడుగుతున్న డబ్బుతో అర టన్ను కమ్మి వస్తుంది. మీరేమంటారు?

మేస్త్రీ_కొడుకు:
అన్నా, కమ్మే కొనండి. మా నాన్న గుంతలో గడ్డపార ఎత్తి వేస్తాడు. ఎంత దిగింది, ఏం శబ్దం వచ్చింది చూసి లోతు చెప్తాడు. పక్కింటి పునాది ఎంత తీశారో అడుగుతాడు, దగ్గర్లో పాత బావి ఉంటే దాని అంచున మట్టి పొరలు చూస్తాడు. ఆయన కట్టిన ఇళ్లకు బీటలు రాలేదు. ఇక రిపోర్టుల సంగతి: మా సందులో ఒకాయన డబ్బు కట్టి తెచ్చుకున్న రిపోర్టులో వేరే ఊరి పేరు కూడా మార్చలేదు. దానికన్నా గడ్డపార నయం.

సైట్_ఇంజినీర్:
కాపీ రిపోర్టుల మాట నిజమే, నేనూ చూశాను. గడ్డపారను తక్కువ చేయను. సాయిల్ టెస్ట్ కోసం వేసే బోరులో చేసేదీ దాదాపు అదే పని. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 45 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. మొదటి 15 సెంటీమీటర్లకు పడ్డవి వదిలేస్తారు, తర్వాతి 30 సెంటీమీటర్లకు పడ్డ దెబ్బలే లెక్క. తేడా ఎక్కడంటే, గడ్డపార గుంత అడుగు సంగతి మాత్రమే చెప్తుంది. ఐదడుగుల వెడల్పు ఫుటింగ్ (పిల్లర్ కింది పునాది దిమ్మె) మీద పడే బరువు దాని కింద ఇంకో ఎనిమిది, పదడుగుల దాకా మట్టిని నొక్కుతుంది. పైన రెండడుగులు గట్టిగా ఉండి, దాని కింద పాత మడి బంకమట్టి ఉంటే గడ్డపారకు ఎలా తెలుస్తుంది?

తిరుపతిలో ఇంకో చిక్కుంది. కొండ కింద, అలిపిరి, కపిలతీర్థం వైపు, పైనుంచి దొర్లిన క్వార్ట్‌జైట్ గుండ్లు మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. గుండు తగలగానే మేస్త్రీ "బండ వచ్చేసింది" అంటాడు. కోర్ (రాతిని నిలువుగా కోసి తీసే ముక్క) తీసి చూడకపోతే బోరు వేసేవాడూ అదే రాస్తాడు. రేపు ఒక పిల్లర్ గుండు మీద, పక్కది మట్టి మీద కూర్చుంటుంది. అన్నీ ఒకే రకంగా అంగుళం దిగినా ఇంటికి పెద్దగా ఏమీ కాదు. ఒక్కటి దిగి పక్కది ఆగిపోతేనే గోడలు ఏటవాలుగా పగులుతాయి.

చిత్తూరు_టీచర్:
సార్, మేం చిత్తూరులో ఇల్లు కట్టేటప్పుడు ల్యాబ్‌లో నిలబడి చూశాను. జల్లెడ పట్టిన పొడిమట్టి పది గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో పోశారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరసనాయిలు. మర్నాడు చూస్తే నీళ్లలో మట్టి పొంగి ఉంది, కిరసనాయిల్లోది అలాగే ఉంది. కిరసనాయిలుకు మట్టి ఉబ్బదట, అందుకే దాంతో పోల్చి కొలుస్తారట. మట్టి యాభై శాతం మించి పొంగితే చాలా ప్రమాదమని చెప్పారు. ఎర్రగా కనిపించినంత మాత్రాన మంచి మట్టి అనుకోకూడదని మాకు అప్పుడే తెలిసింది.

మేస్త్రీ_కొడుకు:
అక్కా, కిరసనాయిలు రేషన్ షాపులోనే దొరకడం లేదు, ల్యాబ్ వాళ్లకు ఎక్కడిదో! సరే. తోలిన మట్టి మీద మా నాన్న కూడా పునాది వేయడు, దాన్ని దాటి కిందికి పోతాడు. గుండు సంగతి కూడా ఆయనకు తెలుసు, సుత్తితో కొట్టి పక్కల తవ్విస్తాడు. చిన్న ఇంటికి పాతిక వేలు దండగ అనే నా మాట.

సైట్_ఇంజినీర్:
నీళ్ల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. 2021 నవంబరు వరదల తర్వాత శ్రీకృష్ణానగర్‌లో భూమిలోని నీళ్ల ట్యాంకు పైకి లేచింది గుర్తుందా? సిమెంటు ఒరలతో కట్టింది. లోపల శుభ్రం చేస్తున్న ఆవిడ ప్రాణాలతో బయటపడ్డారు. ఊరంతా వింత అని చూడ్డానికి పోయింది. వింతేమీ లేదు. పది వేల లీటర్ల సంపు ఖాళీగా ఉండి, చుట్టూ నీళ్లు పైదాకా వస్తే కనీసం పది టన్నుల బలం దాన్ని పైకి నెడుతుంది. సంపు బరువు, చుట్టూ మట్టి పట్టు అంతకన్నా తక్కువైతే లేవక ఏం చేస్తుంది? తిరుచానూరు వైపు స్వర్ణముఖి ఇసుకలో కట్టేవాళ్లకు ఇంకో నష్టం. నీటిమట్టం నేల పైదాకా వస్తే ఇసుక మోయగల బరువు దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో గడ్డపార ఎంత గట్టిగా మోగినా నవంబరు సంగతి చెప్పదు.

రేణిగుంట రోడ్డు అన్నా, మీది మడి మీద తోలిన స్థలం కాబట్టి నేనైతే ఎదురెదురు మూలల్లో రెండు గుంతలు, ఒక బోరు అంటాను. ప్లాన్ గీయకముందే. బోరు వేసేటప్పుడు మీరో మీ అల్లుడో అక్కడే ఉండండి, శాంపిల్ కవర్ల మీద లోతు రాయించండి. రిపోర్టులో నీటిమట్టం, కొలిచిన తేదీ లేకపోతే డబ్బు ఇవ్వకండి. ఎర్రనేల మీద, తోలకం లేని చోట, చుట్టూ పాత ఇళ్లుంటే గుంతలతో సరిపెట్టమని నేనే చెప్పేవాణ్ని.

మేస్త్రీ_కొడుకు:
సంపు విషయం ఒప్పుకుంటా సార్. గుంతలకూ సరే. బోరు మాత్రం గుంతలు చూశాకే, నాన్న అడుగు మట్టి చూసి అనుమానం అంటేనే.

రేణిగుంట_రోడ్డు:
ఆదివారం జేసీబీ పిలుస్తున్నా. మేస్త్రీని, అల్లుణ్ని ఇద్దర్నీ గుంత దగ్గరే నిలబెడతాను. బోరు వేయాల్సివస్తే సంపు దగ్గరా, మెట్ల దగ్గరా?

సైట్_ఇంజినీర్:
రెండూ కాదు. బరువు ఎక్కువ పడేది మధ్య పిల్లర్ మీద, అక్కడ. గుంతల్లో ఏ మూల మట్టి మెత్తగా కనబడితే బోరు అటు జరపండి.