శ్రమదినాల్లో ఉపవాసం ఉంటున్నాను, కానీ దేవుణ్ణి వెదకుతున్నానా?

ప్రశ్న (గుంటూరు, మిర్చి యార్డులో గుమాస్తా)

పెద్దలకు ప్రభువు నామమున వందనాలు. మాది లూథరన్ కుటుంబం. భస్మ బుధవారం మొదలు ఈస్టరు వరకు, యేసు శ్రమలను తలచుకునే ఈ శ్రమదినాల్లో, మధ్యాహ్న భోజనం మానేయడం, మాంసం ముట్టకపోవడం, శుక్రవారం సాయంత్రం శ్రమకాల కూటానికి వెళ్లడం మా నాయనమ్మ కాలం నుంచి మా ఇంట్లో ఉన్న అలవాటు. నేనూ పదహారేళ్లుగా తప్పకుండా పాటిస్తున్నాను. ఈ ఏడాది భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, ఈస్టరు ఏప్రిల్ 5న. ఎప్పటిలాగే యార్డులో సరుకు బాగా దిగే రోజులూ మా శ్రమదినాలూ ఒకటయ్యాయి. పగలంతా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఘాటుకు దగ్గుతూ, కాటా దగ్గర తూకాలు రాసుకుంటూ, రైతులకిచ్చే లెక్క చీటీలైన పట్టీలు కడుతూ గడిపి, ఖాళీ కడుపుతో సాయంత్రం కూటంలో కూర్చుంటే, అయ్యగారు వాక్యం చెబుతున్నంతసేపూ నా మనసు ఆకలి మీదికో ఆ రోజు లెక్కల మీదికో పోతూ ఉంటుంది.

ఉపవాసం ఉండగలుగుతున్నాను, అందులో నాకు కష్టం లేదు. ఈస్టరు గడిచిన వారానికల్లా మళ్లీ మునుపటి మనిషినే అయిపోతున్నానన్నదే నా బాధ. మొన్న కూటంలో యెషయా 55వ అధ్యాయం చదివారు: "యెహోవా మీకు దొరుకు కాలమునందు ఆయనను వెదకుడి." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నెమ్మది లేదు. ఏటా నలభై దినాలు ఏదో మొక్కు తీర్చుకుంటున్నట్టుగా గడిపేస్తున్నానే తప్ప, ఆయనను వెదకినట్టు గాని, ఆయన వెంట ఒక్క అడుగు నడిచినట్టు గాని నాకు అనిపించడం లేదు. ఉపవాసాన్ని ఇంకా కఠినం చేయాలా, లేక వెదకవలసిన చోట నేను వెదకడం లేదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (విజయవాడ, విశ్రాంత ఉపాధ్యాయురాలు)

బాబూ, మాది కతోలిక కుటుంబం. ఈ రోజుల్ని మేము తపస్సు కాలం అంటాం. గుణదల కొండ దగ్గర మరియమాత ఉత్సవాలు ఫిబ్రవరి 11తో ముగిశాయి, సరిగ్గా వారానికి నుదుట విభూది పెట్టించుకున్నాం. మొక్కు గురించి మీరు రాసింది చదివితే నాకు ఆ రెండు రోజులూ పక్కపక్కన కనిపించాయి. ఉత్సవాలకు వచ్చినవారు కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, తలనీలాలు ఇస్తారు. అడిగింది దొరికిందన్న కృతజ్ఞతతో ఇస్తారు కాబట్టి ఆ ప్రేమను నేను ఎప్పుడూ తక్కువ చేయను. విభూది బుధవారం (మీ భస్మ బుధవారం) నాడు మాత్రం మనం ఏ మొక్కూ చెల్లించం. నిరుడు ఈస్టరుకు ముందు వచ్చిన మ్రానికొమ్మల ఆదివారం నాడు హోసన్నా అని పాడుతూ పట్టుకున్న కొమ్మలనే కాల్చి చేసిన బూడిదను నుదుట రాసి, మట్టిలో కలిసిపోయేవాళ్లమని గురువుగారు గుర్తుచేస్తే, తలవంచుకొని వెనక్కి వస్తాం. ఆ బూడిదలో నిరుడు నేను పాడిన పాట కూడా ఉందన్న ఆలోచన నన్ను ఏటా కుదిపేస్తుంది.

ఉపవాసాన్ని కఠినం చేయాలా అని అడిగారు. మా సంఘం తప్పనిసరి అన్నది చాలా తక్కువ. విభూది బుధవారం, శుభ శుక్రవారం ఈ రెండు రోజులే ఉపవాసం, అది కూడా 18 ఏళ్లు నిండినవారి నుంచి 59 ఏళ్లు నిండేవరకు. ఆ రోజుల్లో ఒక్కపూటే పూర్తి భోజనం. ఇవి కాక శుక్రవారాల్లో మాంసం మానాలి, అంతే. ఉపవాసం ఒంటరిగా నిలబడదు గనుకనే ఇంత తక్కువ అడిగారని నేను అనుకుంటాను. మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు దానధర్మం, ప్రార్థన, ఉపవాసం మూడింటినీ ఒక్క వరుసలో చెప్పాడు, ఉపవాసం ఆ వరుసలో చివరిది.

మా అమ్మ చదువుకోలేదు. రోజూ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, ఆదివారం అది గుడికి వెళ్లేది. తపస్సు కాలంలో మాత్రం రెండో పిడికెడు కూడా తీసేది. అది తాను మానేసిన పూట అన్నం. వీధి చివర ఒంటరిగా ఉండే ముసలామెకు సాయంత్రం తానే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి, ఆమె దగ్గర కాసేపు కూర్చుని వచ్చేది. ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడించేవారిని యెషయా 58లో దేవుడు ఎలా నిలదీశాడో, ఆకలిగొన్నవాడికి నీ అన్నం పెట్టమని ఎలా చెప్పాడో నేను పెద్దయ్యాక చదివాను. మా అమ్మ కుండ నాకు అప్పుడు అర్థమైంది. మీరు పదహారేళ్లుగా మానేస్తున్న మధ్యాహ్న భోజనం ఎవరి కంచంలోకి వెళ్తోంది బాబూ? తప్పు పట్టడానికి అడగడం లేదు, అక్కడి నుంచి వెదకడం మొదలుపెట్టవచ్చని అడుగుతున్నాను.

జవాబు (విజయవాడ, ఆటోనగర్‌లో లేత్ పని)

తమ్ముడూ, వందనాలు. మా సహవాసంలో, అంటే మా సంఘంలో, శ్రమదినాలను ప్రత్యేకంగా ఆచరించం. లూకా 9:23లో ప్రభువు "ప్రతిదినము తన సిలువను ఎత్తికొని" అన్నాడు కాబట్టి ఏడాదిలో నలభై దినాలకు వేరే లెక్క ఎందుకన్నది మా పెద్దల మాట. అయినా దినాన్ని పాటించేవాడు ప్రభువు కోసమే పాటిస్తున్నాడని రోమా 14లో ఉంది గనుక మీ ఆచారాన్ని నేను విమర్శించను. శిష్యుడు అన్న మాట గురించి మాత్రం నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే ఆ మాట నేను సంఘంలో కంటే ముందు షెడ్డులో విన్నాను.

పద్నాలుగో ఏట ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గర శిష్యరికానికి చేరాను. మొదటి ఏడాదంతా ఇనుప రజను ఊడవడం, టీ తేవడం, అడిగిన పనిముట్టు అందించడమే నా పని. ఆయన పాఠం చెప్పేవాడు కాదు, "చూడు" అనేవాడు, అంతే. ఒకరోజు ఆయన లేనప్పుడు నేనే మిషను మీద షాఫ్టు పెట్టి కోత ఎక్కువ పెట్టి పాడుచేశాను. భయంతో దాన్ని తుక్కు కింద దాచాను. ఆయన సాయంత్రానికి దాన్ని తీసి, ఒక్క మాట కూడా అనకుండా ఇంకో ముక్క బిగించి, నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టి, కోత ఎక్కడ తప్పిందో ఆ చోట మళ్లీ నాచేత నడిపించాడు. నాకు పని వచ్చింది ఆ సాయంత్రమే. దాచినంతకాలం ఆయన దగ్గరే ఉండి కూడా నేను ఆయనకు దూరంగా ఉన్నాను.

దేవుణ్ణి వెదకడమంటే ఎక్కడో ఉన్నవాడి కోసం తిరగడమని మనం అనుకుంటాం. శిష్యుడికి గురువు ఎక్కడున్నాడో తెలుసు, అదే షెడ్డులో ఉన్నాడు. తుక్కు కింద ఉన్నదాన్ని బయటికి తీసి చూపించడమే శిష్యుడికి కష్టం. మీరు సాయంత్రం కూటంలో వెదకుతున్నానని రాశారు. పగలు కొట్టులో ప్రభువు వచ్చి మీ పక్కన నిలబడితే ఏ కాగితం దాచాలనిపిస్తుంది? నా షెడ్డులో ఈ ప్రశ్న నన్ను నేను రోజూ అడుక్కుంటాను, అందుకే మిమ్మల్ని అడిగే ధైర్యం చేశాను.

జవాబు (గుంటూరు, విశ్రాంత పాస్టరు)

నాయనా, ఆటోనగర్ సహోదరుడు చెప్పిన శిష్యరికం మాటను పట్టుకునే ఒక సంగతి కలుపుతాను. నలభై దినాల ప్రస్తావన క్రీ.శ. 325లో సంఘాధ్యక్షులు కూడిన నీకయ సభ తీర్మానాల్లోనే కనిపిస్తుంది. ఆ కాలపు సంఘంలో ఈస్టరుకు బాప్తిస్మం పొందబోయేవారికి బోధించి, వారి నడవడిని పరీక్షించి, ఉపవాస ప్రార్థనలతో సిద్ధం చేసేవారు. ముందే బాప్తిస్మం పొందినవారు కూడా వారితో కలిసి ఉపవాసం ఉండేవారు. కాబట్టి ఈ దినాలు మొదటి నుంచీ శిష్యరికపు దినాలే. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం వరకు 46 రోజులుంటే, పునరుత్థాన దినమైన ఆదివారాలు ఆరింటిని మనం లెక్కలోకి తీసుకోం.

నీకు నేను చెప్పదలచింది మార్కు సువార్తలో ఉంది. 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడికి ప్రభువు ఒక్కసారిగా చూపు ఇవ్వలేదు. మొదట మనుషులు నడిచే చెట్లలా కనిపించారు, రెండోసారి చేతులుంచాకే స్పష్టంగా కనిపించింది. ఆ వెంటనే యెరూషలేము వైపు ప్రయాణం మొదలవుతుంది. దారిలో ఆయన తన శ్రమలను గూర్చి మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి పేతురు ఆయననే గద్దించాడు, రెండోసారి శిష్యులు తమలో ఎవడు గొప్పవాడని వాదించుకున్నారు, మూడోసారి యాకోబు, యోహాను కుడి ఎడమల ఆసనాలు అడిగారు. ఆ మార్గం చివర యెరికోలో గుడ్డి భిక్షకుడు బర్తిమయి ఉన్నాడు. యాకోబు యోహానులను అడిగిన ప్రశ్ననే, మీకు ఏం చేయాలని కోరుతున్నారన్న ఆ ప్రశ్ననే, ప్రభువు అతన్నీ అడిగాడు. వారు ఆసనాలు అడిగితే అతడు చూపు అడిగాడు, చూపు రాగానే ఆ దారినే ఆయన వెంట నడిచాడు. ఆ దారి సిలువకు పోతుందని గమనించు.

నీకు చెట్లు నడుస్తున్నట్టు కనిపిస్తోంది, అంతే. దాన్ని చూసి బెంగపెట్టుకోవద్దు, సగం చూపుతోనే పన్నెండుమంది ఆయన వెంట నడిచారు, ఆయన వారిని వెళ్లగొట్టలేదు. కూటంలో ఆకలి గుర్తొస్తే, ఆకలిగా ఉందని ఆయనతోనే చెప్పు. పన్నెండు గంటలు ఎండలో పనిచేసేవాడు ఒంటిపూట కూడా మానేసి ఒళ్లు పాడుచేసుకోవలసిన పని లేదు. ఈ వారం లూకా 19వ అధ్యాయం నెమ్మదిగా చదువు.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ వందనాలు. వెంటనే రాయలేకపోయాను, క్షమించండి. అన్నయ్య అడిగిన కాగితం నా దగ్గర ఉంది. నేను పనిచేసే కొట్టులో తేమకూ తాలుకాయలకూ (నాణ్యత లేని కాయలకూ) ఒప్పుకున్న తరుగు కాక, టిక్కీకి మరికాస్త కలిపి పట్టీ రాస్తాం. రాసేది నేనే. లెక్క యజమానిది, నాది చెయ్యి మాత్రమే అని పదహారేళ్లుగా నాకు నేను చెప్పుకున్నాను. అయ్యగారు చెప్పినట్టు లూకా 19 చదివాను. సుంకం వసూలు చేసే జక్కయ్య ఉపవాసం మాట ఎత్తలేదు, ఆస్తిలో సగం బీదలకని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలని అంకెలు చెప్పాడు. యేసు ఎవరో చూడాలని చెట్టెక్కినవాణ్ణి ఆయనే పేరు పెట్టి దిగమన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మ అడిగింది ముందు చేశాను. మంగళవారం నుంచి మధ్యాహ్నం క్యారియరు తెస్తున్నాను. రాత్రి లారీలో వచ్చి తన టిక్కీల పక్కనే పడుకున్న ఒక పెద్దాయనకు మొదటిరోజు పెట్టాను. నువ్వు తినవా అని ఆయన అడిగితే, సాయంత్రం తింటానన్నాను. ఆయన తింటూ ఈ ఏడు తెగులు ఎలా కొట్టిందో చెప్పాడు. ఆయన పట్టీ ఆ ఉదయం నేనే రాసి ఉన్నాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

శుక్రవారం కూటానికి వెళ్లే ముందు, ఇకపై కాటా చూపించినదీ ఒప్పుకున్న తరుగూ తప్ప నేను రాయలేనని యజమానికి చెప్పాను. ఆయన కోప్పడలేదు, ఒప్పుకోలేదు కూడా. సీజను కానివ్వు, తరవాత చూద్దాం అన్నాడు. ఇద్దరు పిల్లల చదువు ఈ జీతం మీదే ఉంది. ఆ సాయంత్రం కూటంలో మొదటిసారి లెక్కలు గుర్తు రాలేదు, భయం మాత్రం ఉంది, ఆ భయాన్నే ఆయనతో చెప్పుకున్నాను. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. సోమవారం పొద్దున మొదటి కాటా పడ్డాక పట్టీ నేను రాయాలి. ఆ వేళకు నన్ను మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి.