కొత్తగా ఎడిసన్ వచ్చాం: డిసెంబరు పండుగలకు మీ ఇళ్లలో ఏమి చేస్తారు?

ఎడిసన్, నవంబరు 14

అక్కలందరికీ నమస్కారం. ఆగస్టులో గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చాం. పెద్దమ్మాయికి ఆరేళ్లు, ఒకటో తరగతి. చిన్నవాడికి మూడు నిండాయి. దీపావళి దాకా రోజులు ఎలా గడిచాయో తెలియలేదు. నవంబరు మొదట్లో ఇక్కడి పద్ధతి ప్రకారం గడియారం గంట వెనక్కి తిప్పినప్పటి నుంచి మాత్రం అయిదు కాకముందే చీకటి పడిపోతోంది. అమ్మాయి బడి సంచీలో రోజుకో కాగితం వస్తోంది. ఒకరోజు పైజమాలు వేసుకుని రావాలట, ఒకరోజు తినేవి పంపాలట, ఇంకోరోజు టీచరు కానుకకు డబ్బులట. నిన్న బస్సు దిగుతూనే "అమ్మా, మన ఇంటికి శాంటా వస్తాడా?" అని అడిగింది. తోచక "నాన్నను అడుగు" అన్నాను. చెట్టు పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. మా అత్తగారేమో "పిల్లలు మన పండుగలు మరిచిపోతారు" అని ఫోనులో బాధపడుతున్నారు. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

పిస్కాటవే, నవంబరు 15

చెల్లీ, వయసులో పెద్దదాన్ని కనుక చనువుగా నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. మేము మీ పక్క ఊళ్లోనే పన్నెండేళ్లుగా ఉంటున్నాం. ముగ్గురు పిల్లలు. ఈ రెండు నెలలూ మా ఇల్లు సంత రోజులా ఉంటుంది. నాకు ఆ సందడి అంటే ప్రాణం. అందుకే పొడుగ్గా రాస్తున్నాను, టీ పెట్టుకుని కూర్చో.

ముందు శాంటా సంగతి. అది ఇక్కడి పిల్లలందరూ కలిసి ఆడుకునే ఆట, మనమూ ఆడదాం అని చెప్పు. ఆరేళ్ల పిల్లకు ఆ మాట చక్కగా అర్థమవుతుంది. దానితో పాటు ఇంకొకటి కూడా తప్పకుండా చెప్పు: శాంటా ఉన్నాడా లేడా అని బడిలో ఎవరితోనూ వాదించకూడదు. మా పెద్దవాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు బస్సులో పక్కన కూర్చున్న పిల్లతో "మీ నాన్నే కొంటాడు" అనేశాడు. ఆ పిల్ల ఇంటికి వెళ్లి ఏడ్చింది, వాళ్లమ్మ నాకు ఫోను చేసింది. నాకు చాలా కష్టంగా అనిపించింది. మర్నాడు వాడిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఉత్తచేతులతో వెళ్లలేక డబ్బా నిండా చేగోడీలు పట్టుకెళ్లాను. వారం తిరగకముందే అదే డబ్బాలో కుకీలు పెట్టి వాళ్లు మా గుమ్మంలో నిలబడ్డారు. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మన అమ్మలు చెప్పే మాట ఆవిడకు ఎవరు నేర్పారో! ఆ డబ్బా ఇప్పటికీ రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉంది.

చెట్టు పెట్టాలనిపిస్తే పెట్టు, లేకపోతే లేదు, ఇందులో తప్పొప్పులు లేవు. మేము మూడడుగుల చెట్టు పెడతాం. దానికి కొన్న బొమ్మలేవీ కట్టము. ఓక్ ట్రీ రోడ్డులో తెచ్చిన మట్టి గాజులు దారం కట్టి వేలాడదీస్తాం. పిల్లలు అట్టముక్కల మీద అక్షరాలు కత్తిరించి రంగులు వేస్తారు. "ఱ" అక్షరం ఎప్పుడూ కొనకొమ్మనే ఉండాలి, అది మా రెండోదాని పట్టు. దీపావళికి కట్టిన దీపాల తోరణాలు సంక్రాంతి దాకా విప్పను. దీపావళికి, క్రిస్మస్‌కు, సంక్రాంతికి ఒకటే కట్టుడు.

ఇప్పుడు మీ అత్తగారి బాధ గురించి. అదే అసలు సంగతి అని నా నమ్మకం.

ఈ దేశంలో సెలవుల కాలం నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌తో మొదలై జనవరి 1తో ముగుస్తుంది. ఆ మర్నాటి నుంచి వీధిలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఎండిన చెట్లను కాలిబాట పక్కన పడేస్తారు. మా రెండోది అయిదేళ్లప్పుడు బస్సు ఆగే చోట ఆ చెట్లను చూసి కదలకుండా నిలబడిపోయింది. "పండుగ అయిపోయిందా అమ్మా?" అంది. "వాళ్లది అయింది, మనది ఇంకా రాలేదు" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోటికి వచ్చింది, అంతే. ఆనాటి నుంచి మా ఇంట్లో సెలవులు భోగి దాకా సాగుతున్నాయి. నిజానికి మనకు నెల పట్టేది డిసెంబరు మధ్యలోనే కదా, ధనుర్మాసం అప్పుడే మొదలవుతుంది. క్రిస్మస్ మన పండుగ నెలలోనే పడుతోందని మీ అత్తగారితో చెప్పి చూడు, ఆవిడ మనసు కుదుటపడుతుంది.

డిసెంబరులో ఇంటికి వచ్చే అట్టపెట్టెలు పారేయకు. కానుకలని, చలికోట్లని, పిల్లల బూట్లని రోజూ ఏదో ఒక పెట్టె వస్తూనే ఉంటుంది. గట్టివి ఎంచి మడతపెట్టి గ్యారేజీలో దాచు. జనవరి మొదటి శనివారం వాటిని మళ్లీ పెట్టెలుగా నిలబెట్టి, మూతలకు టేపు వేసి, పెద్దవి వెనుక, చిన్నవి ముందు పేర్చితే బొమ్మల కొలువుకు మెట్లు తయారు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, మూడో అయిదో. లోపల పాత పుస్తకాలు పెడితే బరువుకు కుంగవు. పైన మా అమ్మ ఇచ్చిన నేత చీర పరుస్తాను. పై మెట్టున దేవుళ్లు, తరువాతి మెట్టున కొండపల్లి ఏనుగు అంబారీ, కల్లుగీత కార్మికుడు, ఎడ్లబండి. కింద మెట్టు పూర్తిగా పిల్లలది. అక్కడ శాంటా తెచ్చిన రైలు ఎడ్లబండి వెనకే ఆగుతుంది. మొదటి ఏడు నాకు ఆ రైలు తీసేయాలనిపించింది. మా చిన్నవాడు మాత్రం "ఈ రైలు గుంటూరు వెళ్తుంది" అన్నాడు. ఇక తీయలేదు. కొలువు మీ ఇంట్లో దసరాకు పెట్టే ఆనవాయితీ అయినా, అసలు ఆనవాయితీయే లేకపోయినా, పిల్లల మెట్టు ఒక్కటైనా పెట్టు.

మీ చిన్నవాడికి మూడేళ్లే కనుక భోగిపళ్లు పోయాలి. ఇక్కడ జనవరిలో రేగిపళ్లు దొరకడం అదృష్టం. మేము క్రాన్‌బెర్రీలు పోస్తాం. ఎర్రగా, గుండ్రంగా, సరిగ్గా రేగిపండంత ఉంటాయి. అవి ఇక్కడి మన న్యూజెర్సీ పంటే. దక్షిణాన పైన్ బారెన్స్‌లో పండిస్తారు, అక్టోబరులో తోటల్లోకి నీళ్లు వదిలి, తేలిన కాయలను పోగుచేస్తారు. అయితే ఇవి థాంక్స్‌గివింగ్ సరుకు, జనవరి వచ్చేసరికి దుకాణాల్లో మాయమవుతాయి. కాబట్టి క్రిస్మస్ ముందు వారమే రెండు సంచులు కొను, ఒక్కో సంచి 12 ఔన్సులు ఉంటుంది. ఫ్రీజరులో పెట్టకు. నేను పెట్టాను. భోగినాడు బయటికి తీస్తే మెత్తబడి రసం కారింది, పిల్ల పట్టులంగా మీద ఎర్ర మరకలు పడ్డాయి, ఇప్పటికీ పోలేదు. ఫ్రిజ్‌లో కింది అరలో, విప్పని సంచిలో ఉంచితే నెల రోజులు గట్టిగానే ఉంటాయి. మెత్తబడినవి ఏరేసి, మిగిలినవాటిని పొడిబట్టతో తుడిచి, పూలరేకులు, నానబెట్టిన సెనగలు, చిల్లర నాణేలు కలుపు. కార్పెట్ మీద పాత దుప్పటి పరచడం మరిచిపోకు. దిష్టి తీసి తలమీద పోశాక నాణేలు, కాయలు వెంటనే ఏరేయాలి, మూడేళ్లవాడు ఏదైనా నోట్లో పెట్టుకుంటాడు.

బడికి తినేవి పంపేటప్పుడు ముందు టీచరును అడుగు. చాలాచోట్ల కొట్టులో కొన్న మూతపెట్టిన పొట్లాలే తీసుకుంటారు. వేరుసెనగ సంగతి అందరికీ తెలుసు. నువ్వులు కూడా 2023 నుంచి ఈ దేశపు చట్టంలో ప్రధాన అలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి, తొమ్మిదోది అదే. అందుకని నువ్వుండలు, పల్లీపట్టీలు ఇంట్లోనే. టీచరు కానుకకు తోచినంత ఇవ్వు, ఇవ్వలేకపోయినా ఎవరూ అడగరు. మీ అమ్మాయి తన చేతిరాతతో రాసిన కార్డు మాత్రం తప్పకుండా పంపు.

చీకటి గురించి అడిగావు. నా మొదటి శీతాకాలం నేనూ కిటికీ దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకున్నదాన్నే. నాలుగింటికే ఇల్లంతా దీపాలు వేసెయ్యి. ఆ వేళకు పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉండనివ్వు, బస్సు దిగి వచ్చే పిల్లకు తలుపు తీయగానే పోపు వాసన తగలాలి. ఇంకో పని కూడా చేయి. వంటింటి క్యాలెండరులో మీ అమ్మాయి చేత రోజూ సూర్యాస్తమయం వేళ రాయించు. డిసెంబరు మొదటి వారంలో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. సంక్రాంతి నాటికి ఇరవై నిమిషాలు ఆలస్యంగా గుంకుతుంది. మా పిల్లలకు ఉత్తరాయణం అంటే ఏమిటో ఆ క్యాలెండరు గళ్లలోనే తెలిసింది.

మినియాపొలిస్, నవంబరు 15

పై అక్క చెప్పినవన్నీ నిజం. మా ఊళ్లో చలి ఇంకా ఎక్కువ కనుక రెండు మాటలు కలుపుతున్నాను. ఇడ్లీ పిండి పులవకపోతే ఓవెన్ వెలిగించకుండా లోపలి బల్బు మాత్రం వేసి రాత్రంతా ఉంచండి. ముగ్గు వాకిట్లో నిలవదు, గ్యారేజీ నేల మీద వేయండి. మంచు కొత్తగా పడినరోజు మాత్రం పిల్లలను తోట వైపు పంపి, పసుపు, కుంకుమ కలిపిన నీళ్లు సీసాల్లో పోసి ఇవ్వండి, మంచు మీదే ముగ్గులు వేస్తారు. ఎండ కాసేదాకా అలాగే ఉంటాయి.

ఫ్రిస్కో, నవంబరు 17

అమ్మాయీ, నేను రాజమహేంద్రవరం నుంచి కూతురి దగ్గరికి వచ్చిన అమ్మమ్మను. నా మనవరాలు టైపు చేస్తోంది. అరిసెల గురించి ఎవరూ చెప్పలేదు, అందుకని రాయిస్తున్నాను. బియ్యం ఒక రోజంతా నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. ఇక్కడి ఇళ్లలో హీటరు గాలికి తడిపిండి ఇట్టే ఆరిపోతుంది, ఆరిందంటే అరిసె విరిగిపోతుంది. జల్లించిన పిండిని గిన్నెలో నొక్కిపెట్టి తడిబట్ట కప్పి ఉంచు. పాకం చుక్క నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి, అప్పుడే పిండి పోయాలి. వేయించే ముందు కిటికీ తెరువు, లేకపోతే పొగకు అలారం మోగి పసివాడు జడుసుకుంటాడు. మొదటిసారి అరకిలో బియ్యానికి మించి పెట్టుకోకు. మీ అత్తగారికి ఫోను చేసి పాకం చూపించి అడుగు. వచ్చినా రాకపోయినా నువ్వు అడిగావని ఆవిడ నలుగురికీ చెప్పుకుని సంబరపడుతుంది. నాకు తెలుసు, నేనూ అత్తగారినే.

ఎడిసన్, జనవరిలో భోగి రాత్రి

అక్కా, అమ్మమ్మగారూ, అందరికీ పండుగ శుభాకాంక్షలు. పిల్లలు ఇప్పుడే పడుకున్నారు.

అట్టపెట్టెలు పదకొండు పోగయ్యాయి, అయిదు మెట్లకు సరిపోయాయి. క్రాన్‌బెర్రీలు ఒక్కటీ మెత్తబడలేదు. అరిసెలు మొదటి వాయి నూనెలో విచ్చిపోయాయి. అత్తగారు ఫోనులో చూసి "పాకం లేతది, ఇంకొంచెం ఆగాల్సింది" అన్నారు. మిగిలిన పిండిని పాయసంలో వేసేశాను. రేపు పొద్దున్నే మళ్లీ పాకం పడతాం, అత్తగారు ఫోనులోనే ఉంటానన్నారు.

సాయంత్రం అయిదింటికి భోగిపళ్లు పోశాం. మనకూ ఇంటికీ పదిన్నర గంటల తేడా కదా, గుంటూరులో అప్పుడు తెల్లవారుజాము మూడున్నర, అక్కడ సంక్రాంతి వచ్చేసింది. మా అమ్మ నిద్ర లేచే ఉంది. ఫోనును అరుగు మీద చెంబుకు ఆనించి వాకిట్లో చుక్కలు పెడుతోంది. చిన్నవాడి తలమీద మొదటి దోసిలి పోసేసరికి ముగ్గుచేత్తోనే ఫోను అందుకుంది, ఆ తరువాత తెర అంతా తెల్లటి వేలిముద్రలే. మా అమ్మాయి క్యాలెండరు పట్టుకొచ్చి "అమ్మమ్మా, ఇవాళ పొద్దు ఆలస్యంగా పోయింది తెలుసా?" అని అంకెలు చదవడం మొదలుపెట్టింది. డిసెంబరు 1 నుంచి మొత్తం చదివింది. అమ్మ ముగ్గు గిన్నె ఒళ్లో పెట్టుకుని చివరిదాకా వింది.