ముడుమాల్ నిలువురాళ్లు: రక్షణ భారం ఎవరు మోయాలి?

పాలమూరు పాఠకుడు:
నారాయణపేట జిల్లా ముడుమాల్ దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు, అంటే ప్రపంచ వారసత్వ హోదాకు ముందు మెట్టయిన జాబితాకు, ఎక్కాయి. పది నుంచి పధ్నాలుగు అడుగుల ఎత్తున్న రాళ్లు సుమారు 80, వాటి మధ్య వరుసలుగా పాతిన చిన్న రాళ్లు దాదాపు 3,000 ఉన్నాయని, ఇవి మూడున్నర వేల ఏళ్ల నాటివని చెబుతున్నారు. రేపు ప్రపంచ వారసత్వ హోదా వస్తే రక్షిత ప్రాంతాన్నీ, దాని చుట్టూ మరో వలయాన్నీ గుర్తించక తప్పదు. ఆ మేరకు రైతుల సాగుకూ ఇళ్లకూ అడ్డంకులు పెట్టడం న్యాయమేనా?

శాసనప్రియ:
న్యాయమే. 1797లో బ్రిటిష్ సర్వేయరు కల్నల్ మెకంజీ అమరావతి బౌద్ధ స్తూపాన్ని చూసి, 1816లో మళ్లీ వచ్చేసరికి ఆ దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. శిల్పాలు కొన్ని గోడల్లోకి, కొన్ని సున్నపు బట్టీల్లోకి పోయాయి. నాడు అడ్డుకునే చట్టమే ఉంటే, మిగిలిన మన శిల్పాలను చూడటానికి మనం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం దాకా వెళ్లవలసిన గతి పట్టేది కాదు.

చేనుగట్టు:
శాసనప్రియ గారూ, అమరావతి విషయంలో మీ బాధ నాదీను. అయితే ముడుమాల్‌లో రాళ్లను ఇన్ని తరాలు నిలబెట్టింది చట్టం కాదు. అక్కడివారు వాటిని నిలువురాళ్ల తిమ్మప్పగా కొలుస్తారు, ఒక రాయిని ఎల్లమ్మగా పూజిస్తారు. దేవుడన్న భయభక్తులే ఆ రాళ్లకు కంచె అయ్యాయి. ఇక ఆంక్షలతో ఏమవుతుందో తెలియాలంటే హంపి వైపు చూడండి. 2011లో విరూపాక్ష బజారులో ఏళ్ల తరబడి మండపాలను ఆనుకుని బతికిన కుటుంబాలను ఖాళీ చేయించి, ఇళ్లనూ దుకాణాలనూ కూల్చివేశారు. తమ బతుకు తీసిన కట్టడాన్ని ఆ మనుషులు మళ్లీ ఏ ప్రేమతో చూడగలరు?

శాసనప్రియ:
భక్తి కాపాడేది ఎత్తైన రాళ్లనే. అడుగు, రెండడుగుల చిన్న రాయికి పసుపు రాసేవారెవరు? దుక్కికి అడ్డమైతే ట్రాక్టరు దాన్ని పెకలిస్తుంది, అది గట్టు మీదికి చేరుతుంది. అయనాంతాల్లో, అంటే ఏడాదిలో పగలు అన్నిటికన్నా పెద్దదిగా, చిన్నదిగా ఉండే రోజుల్లో, సూర్యోదయ, సూర్యాస్తమయ దిక్కులకు సరిపోయేలా రాళ్లను నిలిపారనే పరిశోధకుల వాదన నిలవాలన్నా వీగిపోవాలన్నా, ఆ వరుసలు చెదరకుండా ఉండాలి. సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలు చెక్కిన రాయి కూడా అక్కడే ఉంది. ఒక్క రాయి జరిగినా పూర్వపు అమరిక మరి తెలియదు.

చేనుగట్టు:
ఈ మాట ఒప్పుకుంటున్నాను, చిన్న రాళ్ల సంగతి నేను ఆలోచించలేదు. అయితే అదే నా వాదనకు బలం. పెద్ద రాళ్ల చుట్టూ కంచె వేసి, కాపలాదారును పెడితే సరిపోతుంది. చేల మధ్య పరచుకున్న మూడు వేల చిన్న రాళ్లను మాత్రం దున్నేవాడి చెయ్యి తప్ప మరేదీ కాపాడలేదు. ఆ చేతికి ఏమిస్తున్నాం? రాళ్లున్న మేర దున్నకుండా వదిలే రైతుకు, ఆ నేల పంటకు తగినంత సొమ్ము ఏటా కౌలులా చెల్లించాలి. కాపలా, చూపించే పని ఆ ఊరి పిల్లలకే ఇవ్వాలి. తిమ్మప్ప, ఎల్లమ్మల పూజకు ఎవరూ అడ్డు చెప్పకూడదు.

పాలమూరు పాఠకుడు:
ఒక వివరం చేర్చాలి. వంద మీటర్లలోపు కొత్త కట్టడాలు నిషేధించి, ఆపై మరో రెండు వందల మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి చేసిన నిబంధన 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ. అది జాతీయ ప్రాముఖ్యం గలవిగా కేంద్రం రక్షించే కట్టడాలకు వర్తిస్తుంది. ముడుమాల్‌ను కేంద్రం అలా రక్షిస్తేనే ఆ హద్దులు ఇక్కడికి వస్తాయి. కాబట్టి హద్దులు గీయకముందే, ఏ సర్వే నంబరులో ఎన్ని రాళ్లున్నాయో పటం వేసి, దానిని ఆ రైతుల ముందే పంచాయతీలో చదివి వినిపించాలి.

శాసనప్రియ:
ఆ పటం వేసేటప్పుడు రైతులు కూడా వెంట నడవాలి. తాతల కాలంలో ఏ రాయి ఎక్కడి నుంచి గట్టు మీదికి చేరిందో వారే చెప్పగలరు. కౌలు ప్రతిపాదనకు నా అభ్యంతరం లేదు, కానీ రాయిని కదిలిస్తే ఆ సొమ్ము ఆగిపోవాలి.