బడి తోటకు గ్రాంటు: దరఖాస్తు ఎలా రాస్తే ఇస్తారు?

చీపురుపల్లి టీచర్:
అందరికీ నమస్కారం. మాది యూపీ (ప్రాథమికోన్నత) స్కూల్, 86 మంది పిల్లలు. బడి వెనక ఐదు సెంట్ల స్థలం ఖాళీగా ఉంది. మధ్యాహ్న భోజనానికి కూరలు అక్కడే పండించాలని ఒక కంపెనీలో సీఎస్‌ఆర్ (సమాజ సేవకి కంపెనీలు పెట్టే ఖర్చు) చూసేవాళ్లని 40 వేలు అడిగాం. వివరాలు చాలవని తిప్పి పంపారు. పిల్లల ఆరోగ్యం, పచ్చదనం గురించి రెండు పేజీలు మనసు పెట్టి రాశాను. చాలా బాధగా ఉంది. గ్రాంటు వచ్చినవాళ్లు ఎలా రాశారో చెప్పండి.

నరసన్నపేట మాస్టారు:
మేడం, మాదీ మొదటిసారి తిరిగొచ్చింది. తోట మంచిదని వాళ్లకి తెలుసు. మనం ఆ తోటని బతికించగలమా అన్నదే వాళ్ల అనుమానం. రెండోసారి మూడు విషయాలే రాశాం. నీళ్లు ఎక్కడివి? మేకలు రాకుండా ఏం చేస్తాం? ఎండాకాలం సెలవుల్లో ఎవరు చూస్తారు?

పిల్లలు చేతులు, కంచాలు కడిగే నీళ్లు కాలువ తీసి పాదుల్లోకి మళ్లిస్తామని గీసి చూపించాం. బడి పక్కింటి ఇద్దరు తల్లులు సెలవుల్లో నీళ్లు పోస్తామన్నారు. తల్లిదండ్రుల కమిటీలో తీర్మానం రాయించి, వాళ్ల సంతకాలు పెట్టించి జతచేశాం. కంచెకి రెండు కొటేషన్లు పెట్టాం. అడిగింది 22 వేలు, అందులో సగానికి పైగా కంచెకే. ఇచ్చారు. నా మాట వినండి, ఆ రెండు పేజీలు అరపేజీ చేసి, స్థలం ఫొటో, గీసిన ప్లాను పెట్టండి.

బొబ్బిలి హెచ్‌ఎం:
కంపెనీల కంటే ముందు ప్రభుత్వ సొమ్ము అడగండి మేడం. బడుల్లో పోషకాహార తోటల మీద కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యాహ్న భోజన పథకం ఫ్లెక్సీ నిధుల (కొత్త పనులకి వాడుకునే వాటా) నుంచి తోటకి సగటున 5,000 రూపాయలు పెట్టుకోవచ్చని అందులో ఉంది. విత్తనాలకి, పనిముట్లకి ఆ సొమ్ము సరిపోతుంది. నేల చదును, గుంతల పని ఉపాధి హామీలో చేయించే వీలుందేమో ఎంపీడీఓ గారిని అడగండి. ఇంత మనమే తెచ్చుకున్నామని చూపిస్తే, మిగతాది ఇవ్వడానికి కంపెనీకి ధైర్యం వస్తుంది.

ఇంకోటి. చాలా కంపెనీలు బడి ఖాతాలో డబ్బు వేయవు. సీఎస్‌ఆర్-1 నమోదు (సీఎస్‌ఆర్ పనులు చేయడానికి సంస్థలు కేంద్రం దగ్గర చేసుకునేది) ఉన్న సంస్థ ద్వారానే ఖర్చు పెడతాయి. దరఖాస్తుకి ముందే ఈ సంగతి తేల్చుకోండి. మాకు ఇది తెలియక నాలుగు నెలలు పోయాయి.

ఆమదాలవలస రైతుబిడ్డ:
మా ఊళ్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మట్టి పట్టుకెళ్లి పరీక్ష చేయించాం. ఆ కాగితం జతచేస్తే దరఖాస్తుకి బలం. ఎరువులకి డబ్బు అడగకండి. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి ఉంటే జీవామృతం బడిలోనే కలుపుకోవచ్చు.

పలాస అమ్మ:
నేను టీచర్ని కాదు, కమిటీ సభ్యురాలిని. మా పాప బడిలో గ్రాంటు వచ్చాక అరటి, బొప్పాయి వేశారు. ఒక్క గాలివానకి అన్నీ పడిపోయాయి. 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్లే కూలిన నేల మాది! తోటకూర, పాలకూర, గోంగూర వేయమనండి. నెల తిరక్కుండా తోటకూర చేతికొస్తుంది. కంచె మీదికి ఆనప, బీర పాకించండి. మొదటిసారి కోసిన తోటకూర పప్పులో వేసిన రోజు మా పాప ఇంటికొచ్చి, "మా కూరే తిన్నామమ్మా" అని పదిసార్లు చెప్పింది.

చీపురుపల్లి టీచర్:
అందరికీ ధన్యవాదాలు. నీళ్లకి మోటారు అని 18 వేలు రాశాను, అది తీసేస్తున్నాను. మాస్టారూ, బిల్లుల సంగతి కూడా చెప్పరూ?

నరసన్నపేట మాస్టారు:
పార కొన్నా బిల్లు తీసుకోండి. తోటకి వేరే రిజిస్టరు పెట్టి, ఏ రోజు ఎన్ని కిలోలు కోశారో పిల్లల చేతే రాయించండి. యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ పత్రం)తో పాటు ఆ పేజీలు పంపితే మాకు మరుసటి ఏడు అడగకుండానే విత్తనాలు ఇచ్చారు.

చీపురుపల్లి టీచర్:
శనివారం కమిటీ మీటింగ్ పెట్టాను. తీర్మానం అవగానే ఇక్కడ రాస్తాను.