ఆస్పెక్ట్‌జే లోడ్‌టైమ్ వీవింగ్‌లో "మిస్సింగ్ టైప్" హెచ్చరిక: ఒక్క క్లాస్‌కే ఆపడం ఎలా?

ఆదోనిలో ఒక కమీషన్ దుకాణానికి తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) రాసే జావా 17 అప్లికేషన్ ఇది. ఆస్పెక్ట్‌జే (జావా సోర్స్‌ను ముట్టుకోకుండా అదనపు కోడ్ తగిలించే సాధనం) 1.9.19, జావా ఏజెంట్‌తో లోడ్‌టైమ్ వీవింగ్ (క్లాస్ లోడయ్యేటప్పుడే ఆ కోడ్‌ను అల్లడం). సర్వర్ లేచేటప్పుడు, పీడీఎఫ్ లైబ్రరీని పిలిచే మా క్లాస్ లోడయ్యే చోటే, ఫలానా మిస్సింగ్ టైప్‌కి సూపర్‌క్లాస్ తేల్చలేకపోతున్నానని "కాంట్‌ఫైండ్‌టైప్" లింట్ (వీవర్ ఇచ్చే హెచ్చరికల రకం) సందేశం వస్తోంది. తర్వాత పట్టీలు బాగానే ప్రింటవుతున్నాయి.

కారణం తెలుసు. మా పాయింట్‌కట్ (అదనపు కోడ్ ఎక్కడ తగలాలో చెప్పే నియమం) కాల్(* పట్టీ+.*(..)); పట్టీ మా టైప్, ప్లస్ అంటే దాని సబ్‌టైపులూ. ప్లస్ ఉంది కాబట్టి, పిలుస్తున్న ప్రతి మెథడ్ తాలూకు క్లాస్ పట్టీకి సబ్‌టైపో కాదో వీవర్ చూడాలి. మేం పిలిచే పీడీఎఫ్ లైబ్రరీ క్లాస్ తాలూకు తల్లి క్లాసేమో మేం పెట్టుకోని ఆప్షనల్ జార్‌లో ఉంది.

ఏఓపీ ఎక్స్‌ఎంఎల్‌లో (వీవర్ సెట్టింగుల ఫైల్) ఏ క్లాసులను వీవ్ చేయాలో చెప్పే ఇన్‌క్లూడ్ వితిన్‌ను మా ప్యాకేజీకే కుదించినా పోలేదు. పిలిచేది మా క్లాసే కదా. ఆ జార్ చేరిస్తే పోతుంది, కానీ వేరే లాగింగ్ వెర్షన్‌తో గొడవ. పాయింట్‌కట్‌ను కాల్ (పిలిచే చోటు) నుంచి ఎగ్జిక్యూషన్‌కి (మెథడ్ నడిచే చోటు) మారిస్తే సందేశం లేదు, అయితే వీవ్ కాని జార్‌లోని పట్టీ క్లాసులకు అడ్వైస్ (తగిలించిన కోడ్) నడవదు. లింట్ మొత్తం ఇగ్నోర్ చేస్తే పనికొచ్చే ఇతర హెచ్చరికలూ మాయమవుతాయి. లింట్ ఫైల్‌లో కాంట్‌ఫైండ్‌టైప్ ఒక్కదాన్ని ఇగ్నోర్ చేయొచ్చు గానీ, రేపు నిజంగా అవసరమైన జార్ తప్పిపోయినా తెలియదు.

కాల్ పాయింట్‌కట్‌ను అలాగే ఉంచి, ఈ ఒక్క పీడీఎఫ్ క్లాస్‌కి మాత్రమే ఈ సందేశం రాకుండా చేసే మార్గం ఏది?