పింగ్ బాగానే వెళ్తోంది, కొన్ని సైట్లు తెరుచుకోవట్లేదు: ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజు) సమస్యేనా?

విండోస్ 11 ల్యాప్‌టాప్, ఇంట్లో పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) ఫైబర్ కనెక్షన్. 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్ కొడితే ఒక్క ప్యాకెట్ కూడా డ్రాప్ అవ్వట్లేదు. ఎన్ఎస్‌లుకప్ (సైటు పేరుకి ఐపీ అడ్రస్ చూపే కమాండ్) అడ్రస్ వెంటనే ఇస్తోంది. ట్రేస్‌రూట్‌లో (ప్యాకెట్ వెళ్లే దారి చూపే కమాండ్) మూడో హాప్ (దారిలోని రౌటర్) దగ్గర జవాబు రాలేదని స్టార్లు వస్తున్నాయి కానీ ఆ తర్వాతివన్నీ మామూలుగానే ఉన్నాయి, అందుకని దాన్ని పట్టించుకోలేదు. అయినా మా బ్యాంకు సైటు తెల్ల పేజీతో అలా తిరుగుతూనే ఉంటోంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద టక్కున తెరుచుకుంటుంది.

పింగ్‌కి మైనస్ ఎఫ్ (ముక్కలు చేయొద్దని), మైనస్ ఎల్ 1472 (బైట్లలో డేటా సైజు) పెడితే ప్యాకెట్‌ని ముక్కలు చేయాలంటూ ఎర్రర్. 1464కి జవాబు వస్తోంది. 28 బైట్ల హెడర్లు కలిపితే 1492, పీపీపీఓఈకి ఉండాల్సిందే కదా. రౌటర్‌లో మాత్రం ఎంటీయూ 1500 అని ఉంది. దాన్ని 1492 చేస్తే సరిపోతుందా, ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ఒక్కో టీసీపీ ప్యాకెట్‌లో డేటా సైజుని రౌటరే తగ్గించే సెట్టింగ్) కూడా ఆన్ చేయాలా? కస్టమర్ కేర్‌వాళ్లు "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" దాటి రావట్లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.