కాలువ నీళ్ళ మీద బతికే పట్టణానికి 30 ఏళ్ళ నీటి పథకం: డీపీఆర్‌లో ముందు ఏం చూడాలి?

వార్డు_14:
అందరికీ నమస్కారం. మాది కృష్ణా డెల్టాలో కాలువ చివరన ఉన్న మున్సిపాలిటీ. జనాభా 1991లో 34,000, 2001లో 40,000, 2011లో 48,000. కాలువ నీళ్ళు సమ్మర్ స్టోరేజ్ (ఎస్‌ఎస్) ట్యాంకులో నింపుకుని, ఫిల్టర్ చేసి, ఓవర్‌హెడ్ ట్యాంకుల ద్వారా రోజుకు గంట సేపు ఇస్తున్నారు. ట్యాంకు నీటి విస్తీర్ణం 30 ఎకరాలు, లోతు 3 మీటర్లు, అడుగున 80 సెంటీమీటర్ల దాకా పూడిక. ఫిల్టర్ హౌస్ నుంచి రోజూ 8 ఎంఎల్‌డీ, అంటే 80 లక్షల లీటర్లు బయటికి వెళ్తోంది.

ఇప్పుడు డీపీఆర్ (పథకం సమగ్ర నివేదిక) ముసాయిదా వచ్చింది. 2056 జనాభా 79,500 అని పెట్టారు. మూడు కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకులు, ఊరంతా కొత్త పైపులు, నూరు శాతం భూగర్భ డ్రైనేజీ, ఒక ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) ప్రతిపాదించారు. ఎస్‌ఎస్ ట్యాంకుకు మాత్రం పూడిక తీత ఒక్కటే రాశారు. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ సెప్టిక్ ట్యాంకులే, వాటి నీళ్ళు సైడు కాలువల్లోకి పోతాయి. వచ్చే కౌన్సిల్ సమావేశంలో దీనికి ఆమోదం తెలపాలి. ఏ ప్రశ్నలు అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్_ఈఈ:
నమస్తే అండి. ఎస్‌ఎస్ ట్యాంకు దగ్గర మొదలుపెడదాం. ఏప్రిల్‌లో కాలువ కట్టేస్తే మళ్ళీ జూన్‌లో గానీ నీళ్ళు రావు. ఆ రెండు నెలలు మీ ఊరికి ఆ ట్యాంకు తప్ప దిక్కు లేదు.

30 ఎకరాలంటే 1,21,400 చదరపు మీటర్లు. నిండా 3 మీటర్లుంటే 36.4 కోట్ల లీటర్లు, రోజుకు 80 లక్షల చొప్పున 45 రోజులు. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. అందులోంచి పూడిక 80 సెం.మీ. తీసెయ్యండి. మే నెల ఎండకు రోజుకు 7, 8 మిల్లీమీటర్లు ఆవిరవుతుంది. ఇంకుడుతో కలిపి 40 సెం.మీ. పోయిందనుకుంటే మిగిలేది 1.8 మీటర్లు, అంటే 27 రోజుల నీళ్ళు. పూడిక మొత్తం తీసినా తిరిగొచ్చేది 12 రోజులే. ఆ మట్టి 97,000 ఘనపు మీటర్లు, దాన్ని ఎక్కడ పోస్తారో కూడా డీపీఆర్‌లో ఉండాలి.

ఇక జనాభా. 79,500 అన్నది అంకగణిత పద్ధతి లెక్క, దశాబ్దానికి సగటున 7,000 పెరుగుతుందని. మీ ఊళ్ళో మొదటి దశాబ్దంలో 6,000 పెరిగితే రెండోదాంట్లో 8,000 పెరిగింది. పెరుగుదలే పెరుగుతున్నప్పుడు ఈ పద్ధతి తక్కువ చూపిస్తుంది. పెరుగుదలలోని పెరుగుదలను కూడా లెక్కేసే ఇంక్రిమెంటల్ ఇంక్రీజ్ పద్ధతిలో 2056కు 1,04,000 వస్తుంది. దశాబ్దానికి ఇంత శాతం అని పెంచే జామెట్రిక్ పద్ధతిలో చేసినా అక్కడికే వస్తోంది. విలీన గ్రామాలు ఏమైనా ఉంటే వాటి పాత జనాభాను మూడు జనాభా లెక్కల్లోనూ కలిపారా అని అడగండి. ఒక్క 2011లోనే కలిపితే లేని పెరుగుదల కనపడుతుంది.

భూగర్భ డ్రైనేజీ వేసే పట్టణానికి సీపీహెచ్‌ఈఈఓ (కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ) ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. 1,04,000 మందికి 14 ఎంఎల్‌డీ, 15 శాతం నష్టం కలిపితే 16.5. అరవై రోజులకు 99 కోట్ల లీటర్లు. పూడిక తీశాక పాత ట్యాంకులో వాడకానికి దొరికేది 31.6 కోట్లు. మిగతా నీటికి, వాడుకునే లోతు 4 మీటర్లు అనుకుంటే, 42 ఎకరాల నీటి విస్తీర్ణం కావాలి. కట్టలు, దారి కలిపితే 50 ఎకరాల పైమాటే. ఇది డీపీఆర్‌లో లేదు!

లోతు పెంచి భూమి తగ్గించుకుందామంటారు. డెల్టా చివర అది ప్రమాదం. కింద ఉప్పు ఊట తగులుతుంది, ట్యాంకు మట్టం దిగే కొద్దీ ఆ ఊట లోపలికి వస్తుంది. ప్లాస్టిక్ షీటు లైనింగ్ వేస్తే, ఖాళీ అయ్యేటప్పుడు కింది నీటి ఒత్తిడికి షీటు పైకి ఉబ్బి చిరుగుతుంది. అందుకే నాలుగు ట్రయల్ గుంతలు తవ్వి, ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఊట మట్టం, ఉప్పు శాతం కొలిచిన రిపోర్టు అడగండి.

పంపులు, మోటార్లు, ఫిల్టర్లు 15 ఏళ్ళకే డిజైన్ చేస్తారు, చాలకపోతే పక్కన మరో యూనిట్ కట్టుకోవచ్చు. పైపులు 30 ఏళ్ళకు. భూమి మాత్రం ఇవాళ తీసిపెట్టకపోతే పదేళ్ళకు అక్కడ లేఅవుట్లు పడతాయి. నన్నడిగితే ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు రెండో దశకు వాయిదా వేసైనా సరే, ఎస్‌ఎస్ ట్యాంకు భూమి ముందు కొనాలి. కాలువ ఆలస్యమైన ఏడాదికి ఏం చేస్తారో కూడా రాయించండి. ఏప్రిల్ మొదటి రోజు నుంచే 135ను 100 లీటర్లకు తగ్గిస్తే 60 రోజుల నిల్వ 80 రోజుల దాకా వస్తుంది. మే చివర తగ్గిస్తే ఏమీ మిగలదు.

లైన్_ఇన్‌స్పెక్టర్:
ఈఈ గారు చెప్పింది నిజం. పంపిణీ సంగతి నేను చెప్తాను. ఈఈ గారి ఇంక్రిమెంటల్ పద్ధతిలోనే ఇప్పటి జనాభా 62,000 వస్తుంది. 8 ఎంఎల్‌డీ అంటే తలకు 129 లీటర్లు. మరి గంట సేపు వచ్చే కొళాయిలో అన్ని నీళ్ళు పడుతున్నాయా? పడకపోతే మధ్యలో కారిపోతున్నట్టే. 35 శాతం పోతుంటే ఇంటికి చేరేది 84 లీటర్లే. ఆ నష్టం కొలవకుండా కొత్త పైపులకు అంచనా వెయ్యడం తప్పు.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి, దాని కింది జోన్ ఒక్కటే తెరిచి ఉంచి, పక్క జోన్ల వాల్వులు కట్టెయ్యండి. జోన్లో అందరూ కొళాయిలు కట్టుకున్నాక, రాత్రి 1 నుంచి 4 దాకా మట్టం చూడండి. 15 మీటర్ల వ్యాసం ట్యాంకులో 10 సెం.మీ. దిగితే 17,700 లీటర్లు పోయినట్టు. తర్వాత ఒక్కో వీధి వాల్వు కడుతూ పోతే, ఏ వీధి కట్టినప్పుడు మట్టం దిగడం ఆగిందో దొంగ అక్కడే ఉంటాడు. వాల్వులు పూర్తిగా పడుతున్నాయో లేదో ముందు చూసుకోండి. స్పిండిల్ తిరుగుతుంది గానీ గేటు పడదు, పరీక్షంతా వృథా అవుతుంది.

లీకులు ఎక్కువగా మెయిన్‌లో ఉండవు. మెయిన్‌కు ఇంటి కనెక్షన్ తగిలించే ఫెర్రూల్ దగ్గర, అక్కడి నుంచి ఇంటికి పోయే అర అంగుళం పైపులో ఉంటాయి. ఆ పైపు సైడు కాలువ అడుగునుంచే పోతుంది. జీఐ (జింకు పూత ఇనుప పైపు) అయితే ఐదారేళ్ళకు తుప్పు పట్టి, కాలువలో మునిగి ఉన్న చోటే చిల్లు పడుతుంది. నీళ్ళు వదిలిన గంట సేపు బయటికి కారుతుంది. కట్టేశాక పైపు ఖాళీ అయ్యి మురుగును లోపలికి పీలుస్తుంది. పైగా కొళాయికి నేరుగా మోటారు బిగించే ఇళ్ళుంటే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. మొదటి ఐదు నిమిషాలు రంగు నీళ్ళు వస్తున్నాయంటే కారణం ఇదే. 2018లో గుంటూరులో అతిసార ప్రబలినప్పుడు కూడా తాగునీటిలో మురుగు కలవడం మీదే చర్చంతా నడిచింది.

కాబట్టి డీపీఆర్‌లో ఇంటి కనెక్షన్లు మార్చే పని ఉందో లేదో చూడండి. మెయిన్లు కొత్తవి వేసి పాత కనెక్షన్లే తగిలిస్తే డబ్బు దండగ. ఎండీపీఈ (తుప్పు పట్టని ప్లాస్టిక్) పైపు, కాలువ దాటే చోట మురుగు మట్టం కంటే పైన, కేసింగ్ పైపులో పోవాలి. మురుగు లైనుకూ నీటి లైనుకూ అడ్డంగా 3 మీటర్ల దూరం, ఒకదాన్నొకటి దాటే చోట నీటి పైపు అర మీటరు పైన ఉండాలి. ఇరుకు సందుల్లో 3 మీటర్లు దొరకదు, అక్కడ ఏం చేస్తారో డ్రాయింగులో చూపించమనండి. 24 గంటల సరఫరా ఇస్తామని ఎవరైనా అంటే ఒక మాట: నష్టం తగ్గించకుండా 24 గంటలు వదిలితే లీకులు కూడా 24 గంటలూ కారతాయి. ముందు ఒక్క జోన్లో మీటర్లు పెట్టి మొదలుపెట్టాలి.

వార్డు_14:
చాలా ఉపయోగపడిందండి. ఇంకొకటి: మే నెలలో నీళ్ళు పచ్చగా, వాసనగా వస్తున్నాయి. బ్లీచింగ్ ఎంత వేసినా ఊరి చివర క్లోరిన్ కనపడటం లేదంటున్నారు. కొత్త ఫిల్టర్లతో ఇది పోతుందా?

ఫిల్టర్‌హౌస్:
ఫిల్టర్ ఒక్కదానితో పోదండి. నీళ్ళు నిలవుండి, ఎండ తగిలి, కాలువలోంచి ఎరువు, చెరువుల మురుగు తోడైతే నాచు పెరుగుతుంది. అది ఇసుక పైన పొరలా పట్టి 24 గంటలు నడవాల్సిన ఫిల్టర్ ఆరు గంటలకే మూసుకుపోతుంది. మాటిమాటికీ బ్యాక్‌వాష్ (కింది నుంచి నీళ్ళు తోలి ఇసుక కడగడం) చేస్తే, అసలే నీళ్ళు తక్కువున్న రోజుల్లో ఇంకా నీళ్ళు పోతాయి. ఇన్‌టేక్ బావికి రెండు మూడు ఎత్తుల్లో గేట్లు పెట్టించండి. నాచు పైన ఉంటుంది, బురద అడుగున ఉంటుంది, మధ్య నీళ్ళు తీసుకోవాలి. పటిక మోతాదు అలవాటు కొద్దీ వెయ్యకుండా, మే నెలలో రోజూ జార్ టెస్ట్ (జాడీల్లో వేర్వేరు మోతాదులు వేసి చూడటం) చేసి వెయ్యాలి.

క్లోరిన్ నిలవకపోవడానికి ఎక్కువగా అమ్మోనియా కారణం. లీటరులో ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ ఉంటే, అది దాటి క్లోరిన్ మిగలడానికి 8 నుంచి 10 మిల్లీగ్రాములు వెయ్యాలి. కాలువ పక్కన రొయ్యల, చేపల చెరువులుంటే వాటి నీళ్ళు వదిలే రోజుల్లో ట్యాంకు నింపకండి. ఇంకో కారణం పౌడరే. తాజా బ్లీచింగ్‌లో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది, రేకుల షెడ్డులో మూత తీసి ఉంచితే వారాల్లో పడిపోతుంది. 80 లక్షల లీటర్లకు లీటరుకు 2 మి.గ్రా. చొప్పున 16 కిలోల క్లోరిన్ కావాలి. పౌడరులో 25 శాతం ఉంటే 64 కిలోలు, 15 శాతమే ఉంటే 107 కిలోలు. సంచి లెక్కన వేస్తే కుదరదు, బ్యాచ్ రాగానే పరీక్ష చెయ్యాలి. ఊరి చివరి కొళాయిలో 0.2 మి.గ్రా. తగ్గకూడదు.

మురుగు_ప్లానర్:
డ్రైనేజీ మీద నేను రాస్తాను. నూరు శాతం యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) మాట వినడానికి బాగుంటుంది, మీ నేలకు సరిపోతుందా చూడండి. 200 మి.మీ. పైపుకు వాలు 250కి 1 చొప్పున అయినా ఇవ్వాలి, లేకపోతే మలం పైపులోనే పేరుకుంటుంది. నేల బల్లపరుపుగా ఉన్న చోట కిలోమీటరుకు పైపు 4 మీటర్లు కిందికి దిగుతుంది. మీటరు లోతున మొదలైన లైను కిలోమీటరు తిరిగేసరికి 5 మీటర్లలో ఉంటుంది. డెల్టాలో ఊట మీటరున్నర లోపే. ఊట నీళ్ళు తోడేస్తూ (డీవాటరింగ్), కందకం గోడలకు ఊతాలు వేస్తూ (షోరింగ్) తవ్వాలి, పక్క ఇళ్ళ పునాదులు కుంగుతాయి. జాయింటు సరిగ్గా పడకపోతే ఊట నీళ్ళు లోపలికి వచ్చి ఎస్టీపీకి చేరతాయి. ప్రతి కిలోమీటరుకూ మురుగును పైకి తోడే ఒక లిఫ్ట్ స్టేషన్, దానికి జనరేటర్. కరెంటు పోయి జనరేటర్‌లో డీజిల్ లేకపోతే మ్యాన్‌హోళ్ళు పొంగుతాయి. పైగా మనిషికి 84 లీటర్లే చేరుతుంటే మురుగును నెట్టే నీళ్ళే ఉండవు.

నేనైతే మొదటి దశలో మార్కెట్, బస్టాండు, అపార్టుమెంట్లున్న మధ్య వార్డులకే సీవర్ (భూగర్భ మురుగు పైపు) వేస్తాను. మిగతా ఊరికి సైడు కాలువల నీటిని పెద్ద డ్రెయిన్ చివర అడ్డుకుని ఎస్టీపీకి మళ్ళించడం, సెప్టిక్ ట్యాంకులను వంతుల వారీగా ఖాళీ చేయించడం. లెక్క ఇలా: 15,500 ఇళ్ళు, మూడేళ్ళకోసారి, ఇంటికి 3,000 లీటర్లు. ఏడాదికి 300 పని దినాలంటే రోజుకు 52,000 లీటర్లు, 4,000 లీటర్ల ట్యాంకరుకు 13 ట్రిప్పులు. మొదట్లో సగం ఇళ్ళు కూడా ఒప్పుకోవు. కాబట్టి 25 కేఎల్‌డీ (రోజుకు 25 వేల లీటర్లు) మలవ్యర్థాల శుద్ధి కేంద్రంతో మొదలుపెట్టి, 60 కేఎల్‌డీకి భూమి ఉంచుకోండి. వరంగల్‌లో ఇలాంటి కేంద్రం నడుస్తోంది, కౌన్సిల్ సభ్యులను ఒకసారి తీసుకెళ్ళండి. ఎండబెట్టే బెడ్లయితే పైన రేకులు తప్పనిసరి, మన తుపాన్లకు ఆరిన మలం మళ్ళీ ముద్దవుతుంది.

ఎస్టీపీకి కూడా భూమి మాటే. 2056 మురుగు, వాడకంలో 80 శాతం చొప్పున 11.2 ఎంఎల్‌డీ. ఆక్సిడేషన్ పాండ్లకు ఎంఎల్‌డీకి సుమారు హెక్టారు కావాలి. ట్యాంకుల్లో గాలి ఊది శుద్ధి చేసే ఎస్‌బీఆర్‌కు అందులో పదోవంతు చాలు, కానీ గాలి ఊదే బ్లోయర్లు రాత్రింబగళ్ళు తిరగాలి. ఆ కరెంటు బిల్లు ఏ పద్దులో కడతారో డీపీఆర్‌లో పేజీ ఉండాలి. 2021లో మొదలైన కేంద్ర పథకం అమృత్ 2.0 నిబంధనల్లో లక్ష లోపు పట్టణానికి కేంద్రం వాటా సగం, అది కట్టడానికే, నడపడానికి కాదు.

వార్డు_14:
సెప్టిక్ ట్యాంకుల ఖాళీ ఏ నెలలో మొదలుపెట్టాలండి? చాలా ఇళ్ళకు ట్యాంకు ఎక్కడుందో కూడా తెలియదు.

మురుగు_ప్లానర్:
జనవరి నుంచి మే దాకా పల్లపు వార్డులు ముగించండి. వానల్లో ఊట పైకొచ్చినప్పుడు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేస్తే, తేలికై పైకి లేస్తుంది, గోడలు పగులుతాయి. తప్పనిసరైతే సగమే తీసి, వెంటనే నీళ్ళు పొయ్యాలి. ముందు మూడు నెలలు సర్వే: ట్యాంకు ఎక్కడుంది, మూత తెరవడానికి వీలుందా, అడుగు కట్టారా, అవుట్‌లెట్‌కు టీ (T ఆకారపు పైపు ముక్క) ఉందా, నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి. టీ లేని ట్యాంకుకు అప్పుడే బిగించండి, లేకపోతే తేలిన తెట్టు నేరుగా కాలువలోకి పోతుంది. మూత మీద టైల్స్ పరిచేసిన ఇళ్ళలో 30 సెం.మీ. చదరపు రంధ్రం తీయించాలి, గొట్టం పట్టేంత చాలు. మనిషిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లోపలికి దింపకూడదు. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మూత తీశాక కాసేపు గాలి ఆడినా అడుగు బురద కదిపితే మళ్ళీ విషవాయువు లేస్తుంది. ట్యాంకరు ఆపరేటర్ల లైసెన్సు షరతుల్లో ఈ మాట మొదటి వరుసలో రాయించండి.